దేవుడి కుండలో చిక్కుడు గింజలు

జులై నెల మొదటి ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. తెనాలిలో సన్నటి తుంపర పడుతోంది, గాలి లేదు. బాపట్ల నుంచి అక్కయ్య ఫోను చేసింది.

"తమ్ముడూ, అమ్మ చిక్కుడు గింజలు కనపడట్లేదురా. మూట ఎక్కడ పెట్టానో ఎంతకీ గుర్తు రావట్లేదు."

రేపల్లెలో మా అమ్మ పెంచిన చిక్కుడు అది. ఊదారంగు అంచున్న పొట్టి కాయ. అమ్మ పోయాక ఆ విత్తనం అక్కయ్య పెరట్లో తప్ప మరెక్కడా మిగలలేదు. ఏటా తొలి వానలకు నాటి, ఎండిన కాయల నుంచి మళ్లీ గింజ తీస్తుంది. పాత గింజ మరుసటి ఏడాదికి సరిగా మొలవదు. కనుక మూట దొరకకపోతే ఆ పాదు అంతటితో సరి.

వస్తువులు దాచే చోట్లకు అమ్మ వాడిన మాటలు ఎన్నో ఆ రోజుల్లో నేను లెక్క తీస్తున్నాను. పదకొండు తేలాయి. జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ, వరుస మీద ఎక్కువ. కాబట్టి ఆ వరుసలోనే అడగటం మొదలుపెట్టాను.

"గాదె?"

"ధాన్యం కళ్లంలోనే అమ్మేస్తుంటే ఇంకా గాదె ఎక్కడిదిరా?"

"పురి?"

"గడ్డి తాడు పేని పురి కట్టేవాళ్లేరీ ఇప్పుడు? తరవాతది చెప్పు."

"కొట్టు, అటక, గూడు?"

"మూడూ చూశా. అటక మీద నీ పాత గొడుగు దొరికింది."

"ఉట్టి? చూరు?"

"డాబా ఇంటికి చూరేంటిరా! నీకు లెక్కలే గానీ ఇల్లు కనపడదా?"

బోషాణం, పెట్టె, జాడీ, కాగు కూడా అయిపోయాయి. పదకొండింటిలో ఎక్కడా మూట లేదు. ఏడూ యాభై పాసింజరెక్కి బాపట్లలో దిగాను.

నాతోపాటు మళ్లీ వెతుకుతూ వంటింట్లోకి వచ్చిన అక్కయ్య, గట్టు కింద నేల మీదున్న గుండ్రటి మచ్చను చూసి నిలబడిపోయింది. అక్కడ ఉండవలసిన మట్టికుండ లేదు.

"దేవుడి కుండలో పెట్టాన్రా!" అంది.

మా క్రైస్తవ కుటుంబాల్లో అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. నెల మొదటి ఆదివారం దాన్ని చర్చికి పట్టుకెళ్తారు. ఆ కుండలో వేయడమే గాని తీయడం ఉండదు. ముందటి వారం జాడీకి చీమలు పట్టడంతో, ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటేనని అక్కయ్య మూటను అందులోకి మార్చింది. చర్చి పాటల బృందంలో ఉన్న ఆమె కోడలు ఎనిమిదింటికే కుండ తీసుకుని వెళ్లిపోయింది.

మేము చేరేసరికి అన్ని ఇళ్ల బియ్యమూ ఒకే గంగాళంలో కలిసిపోయి ఉంది. నేను చొక్కా చెయ్యి మడిచాను. అక్కయ్య నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు. ఇచ్చింది ఇచ్చేశాం."

"నువ్విచ్చింది బియ్యం. గింజలు ఇవ్వలేదుగా?"

"కుండలో వేశానా లేదా? అందులోంచి తీయకూడదు. పాడుకుందాం."

ఆరాధన ముగిశాక ఆ బియ్యాన్ని వేలం వేస్తారు. నెలనెలా దాన్ని పాడుకునేది ఒక టిఫిన్ హోటల్ యజమాని. రకరకాల బియ్యం కలిసినది అన్నానికి సమంగా ఉడకదు. అట్ల పిండికి మాత్రం బాగుంటుంది. నేను పాట పెంచగానే ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏంటి బాబాయ్‌గారూ, తెనాల్లో బియ్యం దొరకట్లేదాండి?"

"దొరుకుతాయండి. నాకు ఇవే కావాలి."

"మరి నా అట్లేం కావాలండి?"

అక్కయ్య ముందుకు వచ్చింది. "మా అమ్మ చిక్కుడు గింజలు ఇందులో పడ్డాయి నాయనా. ఈ వానకి నాటకపోతే ఇంక ఆ విత్తనం ఉండదు."

ఆయన గంగాళం వైపు ఒకసారి చూశాడు. "ఆ మాట ముందే చెప్పొద్దాండి పిన్నిగారూ! సరే, ఈ నెల పిండి మీరే రుబ్బుకోండి," అని పాట ఆపేశాడు.

బియ్యాన్ని గోనెసంచికెత్తి ఆటోలో ఇంటికి చేర్చి చాప మీద కుమ్మరిస్తే, మూట ముడి విడకుండా బయటపడింది. అక్కయ్య ముందుగా చూసింది చీమలున్నాయా అని. లేవు. ఆ మధ్యాహ్నమే పెరట్లో నాటాము. నేను బయలుదేరుతుంటే నాలుగు గింజలు నా జేబులో వేసింది.

"అన్నీ ఒక్కచోటే ఉంచితే ఇలాగే అవుద్ది. నీ డాబా మీద తొట్టిలో పెట్టు."

ఆ తరువాత నేను బాపట్ల వెళ్లినప్పుడల్లా అక్కయ్య ఆ బియ్యంతో అట్లే పోసిపెట్టింది. కోడలు మాత్రం బియ్యం సంచి అడుగు కనపడేదాకా నన్ను తరచుగా రమ్మని పిలిచింది.

దేవుడి కుండను అమ్మా ఆ పేరుతోనే పిలిచేది. అందులోది మళ్లీ మన చేతికి రాదు గనుక దాచే చోట్లలో దాన్ని చేర్చలేదు, ఇప్పుడు చేర్చాను. మూటలో ఉన్న గింజలు నలభై మూడు. బాపట్ల పెరట్లో ముప్పై నాలుగు, తెనాలి తొట్టిలో నాలుగు, వెరసి ముప్పై ఎనిమిది మొలిచాయి. మాటలు పన్నెండు.