రాజవ్వ దమ్ము తీసుకునే చోటు

కిటికీ తెరిస్తే చాలు, ఉడికిన పసుపు వాసన గదిలోకి వస్తుంది. ఆర్మూరులో ఇది మామూలే. నాకు మాత్రం ఆ వాసనతో పాటు సుజాత మేడం గొంతు కూడా వినిపిస్తుంది: "జర పైకి చదువు, బిడ్డా."

మార్కెట్ యార్డు దగ్గర ఒక పసుపు దుకాణం మేడమీద, పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న ఆఫీసు ఆమెది. నా పని ఎక్స్‌ఎంఎల్: ఏది పేరా, ఏది పాట, ఏది ఊరి పేరు అని ప్రతిదానికీ ముందూ వెనకా గుర్తులు తగిలించడం. నాకు మొదట అప్పగించిన పుస్తకం ఆలూరు రాజవ్వ పాటలు, పసుపు విరుస్తూ పాడేవి. రాజవ్వకు చదువు రాదు. మేడమే ఎదురుగా కూర్చుని విని, ఆమె ఆగిన ప్రతిచోటా ఖాళీ వదిలి నోటుపుస్తకంలో రాసుకున్నారు.

నాకేమో శుభ్రం పిచ్చి. ఖాళీలు కుదించి లైన్లు సర్దే బటన్ ఒకటి కనిపించేసరికి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నొక్కాను. గుర్తులన్నీ వరసగా నిలబడ్డాయి. మురిసిపోతూ చూపిస్తే, మేడం పైకి చదవమన్నారు. "ఆలూరుసిరికొండ" అని చదివాను. రెండు ఊళ్ల గుర్తుల మధ్య ఖాళీ పోయింది. పాటకొచ్చేసరికి సగంలోనే ఆయాసం వచ్చింది.

"ఆమె దమ్ము తీసుకునే జాగలన్నీ ఊడ్చేసినవ్. ఇగ ఆయాసం రాక ఏమైతది?" అన్నారు మేడం.

ఆ శుక్రవారం రాజవ్వ తన పాటలు మేము చదివితే వినడానికి రావాల్సి ఉంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అంతకన్నా, ఆ ముసలమ్మ ముందు ఏ ముఖం పెట్టుకుని చదవాలా అని సిగ్గేసింది. మేడం నోటుపుస్తకం తెచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు.

"పేరాకూ పేరాకూ నడుమ ఖాళీ మన కండ్ల కోసం. అది నీ ఇష్టం. మాటలూ గుర్తులూ కలిసున్న కాడ ఖాళీ పాడినామెది. దాన్ని ముట్టకు."

మూడు రోజులు ఒక్కో ఖాళీ తిరిగి పెట్టాం. ఆమె తిట్టడం తక్కువ, చాయ్ తాగించడం ఎక్కువ.

శుక్రవారం నేను తెర చూసి చదువుతుంటే రాజవ్వ కళ్లు మూసుకుని గొంతు కలిపింది. మూడో చరణంలో ఖాళీ దగ్గర ఆగాను. ఆమె కూడా ఆగింది.

"నేను గీడనే దమ్ము తీస్త. నీకెట్ల ఎరుక?" అంది. మేడం కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.

మేడం ఇప్పుడు పని చాలించి ధర్పల్లిలో హాయిగా ఉన్నారు. ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎవరు ఫైలు సర్దుతామన్నా ముందు ఒక పేరా పైకి చదివిస్తాను, నేనూ చదువుతాను. ఆయాసం వస్తే మొదటి నుంచి మళ్లీ చూస్తాను. రాజవ్వ ఇప్పుడు లేదు. పాట మాత్రం ఆమె ఆగిన చోటే ఆగుతుంది.