బుడుబుంగ గూడు, గణపతి దారి

మా మేనత్త పోయిందన్న కబురు నిమజ్జనం రోజు పొద్దున్నే వచ్చింది. హైదరాబాద్ కొత్తగూడ చేరేసరికి ఆమె ఇంటిముందు మనుషులు నిండిపోయి ఉన్నారు. ఏడుస్తూనే గర్వపడ్డాను. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన మనిషి కోసం ఇక్కడి ఊరంతా కదిలొచ్చింది.

తొంభైల చివర్లో నేను ఆమె ఇంట్లో ఉండి హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగానికి వెళ్లేదాన్ని. మేమంతా లేస్తున్న అద్దాల మేడల్ని చూసి మురిసిపోతుంటే, అత్తయ్య ఇంటివెనక చెరువును చూసేది. ప్రభుత్వ ఆఫీసుకు బస్సెక్కే ముందు స్టీలు గ్లాసులో కాఫీతో గట్టున కూర్చోవడం ఆమెకు పూజ కిందే లెక్క. చేపకోసం కదలకుండా నిలబడ్డ కొంగను చూపించి, "మీ ఆఫీసులో ఇంత ఓపిక ఎవరికైనా ఉందిటే?" అని ఆటపట్టించేది.

ఆమెకు ముద్దు బుడుబుంగ. గుప్పెడంత నీటిపిట్ట; ఇక్కడ మునిగి ఎక్కడో తేలుతుంది. చేపముళ్లు కడుపులో గుచ్చుకోకుండా పిల్లలకు తన ఈకలు కూడా తినిపిస్తుంది. "పెంచడమంటే పెట్టడమొక్కటే కాదే, పెట్టింది అరగాలి కూడా," అనేది అత్తయ్య.

ఒక ఏడు, ఎప్పుడూ వినాయకుణ్ణి దించే చోటే, తుంగ పక్కన బుడుబుంగ గూడు కట్టింది. నిమజ్జనం రోజు నీళ్లలోకి దారి చేయడానికి ఊరివాళ్లు కొడవళ్లతో దిగారు. అత్తయ్య కుచ్చిళ్లు దోపుకుని వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"అందులో గుడ్లున్నాయండి."

ఊరి పెద్దాయన తొంగి చూశాడు. "ఏడున్నయమ్మా? గది నాచు కుప్ప. పొద్దు పోతున్నది, జర పక్కకు జరుగు."

ఎవరు చూసినా అదే అంటారు. గూడు దిగేటప్పుడు పిట్ట గుడ్లమీద నాచు కప్పి పోతుంది. చెబితే నమ్మరని అత్తయ్యకు తెలుసు. "గట్టెక్కి కాసేపు మాట్లాడకుండా కూర్చుందామండి. పిట్ట రాకపోతే మీ ఇష్టం," అంది.

డప్పులు ఆగాయి. గణపతి ట్రాలీలో ఎదురుచూశాడు. పిట్ట రాకపోతే గుడ్లూ పోతాయి, అత్తయ్య మాటా పోతుంది. చివరికి బుడుబుంగ తేలింది. గూడెక్కి, ముక్కుతో నాచును కొంచెంకొంచెంగా పక్కకు లాగింది. గుడ్లు కనబడ్డాయి. వాటిమీద సర్దుకుని కూర్చుంది.

పెద్దాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "దేవునికి ఏ దిక్కైతేంది. ఇగ అటు కట్టకు పోదాం పాండ్రి."

ఆ సాయంత్రం అత్తయ్యను చూసి పడ్డంత గర్వం నా మొదటి జీతానికి కూడా పడలేదు.

మొన్న ఆమెను సాగనంపి వచ్చేసరికి గణపతి బయల్దేరుతున్నాడు. అంతకుముందు ఆమె పాడె గుమ్మం దాటేదాకా డప్పులు ఆపి ఉంచారు. దగ్గరి గట్టు రాగానే ట్రాలీ పక్కకు తిరిగింది. కాలనీకి కొత్తగా వచ్చినాయన, "ఇక్కడే దించేయొచ్చు కదండీ?" అన్నాడు.

"ఈడ దించం అన్నా. పిట్టలుంటయ్," అన్నాడు ట్రాలీ నడిపే అతను.

ఎప్పటినుంచని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. గణపతి చెరువంతా చుట్టి అటు గట్టుకు మెల్లగా వెళ్తున్నాడు. ఇటువైపు తుంగలో నీళ్లు కదలకుండా ఉన్నాయి.