కురిడీ అంజిబాబు తలకు రెండు చిల్లులు

తను చనిపోయిన రోజు పొద్దున్న అంజిబాబు చేసిన ఆఖరి పని, కూతురు పచ్చడికని తీసిపెట్టుకున్న కొబ్బరికాయను కుడిచెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడటం.

"ఇది కుళ్లిందమ్మా. ఇంకోటి తియ్యి" అన్నాడు.

గాయత్రి నమ్మక కొట్టి చూసింది. లోపల నల్లగా ఉంది. ఆ మాట చెబుదామని అరుగు మీదికి వచ్చేసరికి తండ్రి స్తంభానికి చేరబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. డెబ్బై రెండేళ్లు. గుండె ఆగిపోయిందన్నారు.

పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకటే మాట అన్నారు. "ఆరేళ్ల కిందటే పోవలసిన మనిషి కదండీ." అలా అన్నప్పుడల్లా గాయత్రికి ఏడుపు మధ్యలోనే చిన్న గర్వం వచ్చేది. పోనివ్వకుండా ఆపిన సంతకం తనదే.

అంబాజీపేట చుట్టుపక్కల అంజిబాబుని కురిడీ అంజిబాబు అనేవారు. ముదురు కాయల్ని నెలల తరబడి అటక మీద ఉంచితే నీళ్లు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా దొర్లుతుంది. అదే కురిడీ. తొందరపడి కొడితే కాయ పాడు. ఏది అయింది, ఏది కాలేదు అన్నది పీచు మీద నుంచే, ఆడించి, చప్పుడు విని చెప్పాలి. నలభై ఏళ్లు ఆయన ఆ చెవి మీదే బతికాడు.

ఆరేళ్ల కిందట ఒక వేసవిలో ఆయన చేతిలోంచి కాయలు జారిపోవడం మొదలైంది. అన్నం ముద్ద నోటికి చేరే లోపల పడిపోయేది. కూతుర్ని పట్టుకుని చెల్లెలి పేరుతో పిలిచాడు. తమ్ముడు పాపారావు చూసి, "పక్షవాతమేనండి" అని తేల్చేసి పసరు వైద్యానికి తీసుకెళ్లాడు. ఎనిమిది రోజులు చేతికి పసరు రాశారు. తొమ్మిదో రోజు కాలు కూడా ఈడ్చసాగింది. గాయత్రి ఇక ఎవరినీ అడక్కుండా కారు మాట్లాడి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లింది. పాపారావూ వెంట ఎక్కాడు.

డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "తలకి ఈమధ్య దెబ్బేమైనా తగిలిందా?"

"లేదండి" అన్నారు ముగ్గురూ.

స్కానింగు తీసి ఆవిడ మళ్లీ వచ్చింది. ఎడమవైపు పుర్రెకీ మెదడుకీ మధ్య పాత రక్తం చేరి మెదడును నొక్కేస్తోందని చెప్పి, అంజిబాబు వైపు తిరిగింది. "ఇది రెండు నెలల కిందటి దెబ్బండీ. మీరే చెప్పాలి."

 ఆయన నేల చూస్తూ ముద్దమాటతో, "కాయ పడిందండి" అన్నాడు.

గాయత్రి తెల్లబోయింది. తప్పు చేసినవాడి మీద తప్ప కొబ్బరికాయ మనిషి మీద పడదని ఆ ఊళ్లో అందరూ నమ్ముతారు. చెట్ల కింద నలభై ఏళ్లు తిరిగినవాడి మీద కాయ పడిందంటే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని ఆ రోజు ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పనిలోకి వెళ్లిపోయాడు.

"రెండు చిల్లులు వేసి ఆ రక్తం తీసేయాలి. ఇవాళే" అంది డాక్టరమ్మ.

పాపారావు లేచి నిలబడ్డాడు. "పుర్రెకి చిల్లులేటండీ? నేను ఫోన్లో చూశానండి. ఎవరో తెల్లోడు తెలివి పెరగాలని తనే కన్నం ఏసుకున్నాడంట. ఎనకటికి దెయ్యం పోవాలని ఏసేవారంట. అలాటి పనా అండి, మా అన్నయ్యకి?"

"ఆ తెల్లాయనది పిచ్చిపనండి. బాగున్న తలకి చిల్లు వేస్తే తెలివి రాదు, చీము పడుతుంది. కానీ వేల ఏళ్ల నాటి పుర్రెలు దొరికాయి, చిల్లు అంచులు నున్నగా మానిపోయి. అంటే వేశాక కూడా బతికారు. వాళ్లకి ఎందుకు వేశారో అన్నీ మనకి తెలీదు. మీ అన్నయ్యకి ఎందుకు వేస్తున్నానో నాకు తెలుసు."

"రేపేదైనా అయితే నీదే పూచీ, అమ్మాయ్" అన్నాడు పాపారావు.

గాయత్రి ఆపరేషను కాగితం ముందు కలం పట్టుకుని తండ్రి వైపు చూసింది. ఆయన డాక్టరమ్మని అడుగుతున్నాడు. "కాయ కన్ను పొడిచి నీళ్లు వంచేస్తారు. కొబ్బరి ముట్టుకోరు. అంతేనాండీ?"

ఆవిడ నవ్వింది. "అంతేనండి."

ఆయన ఎడమచేత్తో కుడిచెవి తడుముకున్నాడు. "దీనికేం కాదు కదండీ?"

"దాని జోలికే పోను."

గాయత్రి సంతకం పెట్టింది.

ఆపరేషనులో లోపల్నుంచి వచ్చిన రక్తం పాత ఇంజనాయిల్లా నల్లగా ఉందట. మర్నాడు పొద్దున్న అంజిబాబు, "గాయత్రీ, కాఫీ ఏదమ్మా?" అన్నాడు. పేరు సరిగ్గా పిలిచాడు. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు. పాపారావు వరండాలోకి వెళ్లిపోయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

రెండు నెలలకు అంజిబాబు కూతుర్నీ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని మళ్లీ కురిడీ కాయల కొట్టాం దగ్గరికి వెళ్తే యజమాని శ్యామ్ బాబు మొహమాటపడ్డాడు. "రెస్టు తీసుకోండి అంజిబాబుగారూ. తల కోసేరు కదండీ."

"కోసింది తలండి, చెవి కాదు. ఏదీ, ఓ యాభై కాయలు పోయించండి."

పోయించారు. ఒక్కో కాయా కుడిచెవి దగ్గర పెట్టి ఆడించాడు. ఎడమవైపు మచ్చ కాపాడుకుంటున్నాడనుకుంది గాయత్రి. పదకొండు పక్కన పెట్టి, "ఇవి కాలేదండి" అన్నాడు. శ్యామ్ బాబు యాభై కాయలూ ఒలిపించి కొట్టించాడు. పదకొండింటిలోనూ నీళ్లు. ముప్పై తొమ్మిదింటిలో గుండ్లు.

"అన్నయ్యా, తెల్లోడు చెప్పింది నిజమేరా" అన్నాడు పాపారావు.

"అయితే నువ్వూ వేయించుకో. నీకవసరం."

కొట్టాం కొట్టామంతా నవ్వింది.

ఆ తర్వాత ఆరేళ్లు ఒక్క కాయ తప్పలేదు. క్షవరం చేయడానికి వచ్చే దానం ఆ రెండు గుంటల దగ్గర కత్తెర నెమ్మది చేసేవాడు. చెట్లెక్కి కాయలు దింపే పనివాళ్లు ఎవరొచ్చినా అంజిబాబు తల వంచి ఆ గుంటలు చూపించేవాడు. "దెబ్బ తగిలితే దాచకండి. కాయకి పాపం పుణ్యం తెలీదు." వాళ్లలో జోజి అనేవాడు చెట్టు మీంచి జారిపడి, ఆ మాట గుర్తొచ్చి అదే రోజు ఆసుపత్రికి వెళ్లి బతికాడు.

అంజిబాబు పోయిన పదో రోజున ఆ జోజే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఒక్క చెవితో అంత పని ఎవరు చేస్తారండీ?" అన్నాడు.

"ఒక్క చెవేంటి?" అంది గాయత్రి.

"కాయ పడ్డ రోజునుంచీ ఎడమ చెవి ఇనపడదు కదండీ. మాకందరికీ తెలుసు. మీకు చెప్పద్దనేరు, ఆయ్."

గాయత్రి అరుగు మీది స్తంభం వైపు చూసింది. ఆమె భర్త కువైట్లో ఉంటాడు. తండ్రి పని నుంచి రాగానే రోజూ ఈ అరుగు మీదే పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పుకోలేనివన్నీ ఆయనకి చిన్న గొంతుతో చెప్పుకునేది. ఆయన ఆమె మొహంలోకి చూస్తూ, "ఆయ్, ఆయ్" అంటూ తలూపేవాడు.

ఆయన కూర్చునే చోట కుడిపక్క స్తంభం. ఆరేళ్లూ ఆమె కూర్చున్నది ఎడమ పక్కనే.