ఆకాశవాడ చివరి ఆదివారం

సుసన్నకు లోకంలో ఎవరిని చూసినా కడుపుమంట లేదు, ఒక్క సమీరాను చూస్తే తప్ప. తోడికోడలు కొంగరకలాన్ దగ్గర ప్లాటు కొన్నప్పుడు నవ్వుతూ వెళ్లి అక్కడ చేసిన ప్రార్థనలో కూర్చొని వచ్చింది. తనకంటే ఆరేళ్లు వెనక ఉద్యోగంలో చేరినావిడ తనకంటే ముందు పై పోస్టుకు వెళ్తే స్వీటు తిని చేతులు కడుక్కుంది. కానీ సమీరా కొత్త చెప్పులు కొన్నదని విన్నా చాలు, లోపలెక్కడో చురుక్కుమనేది.

సుసన్న శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండర్. పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో కాలేజీ బస్సెక్కి, అందరికంటే ముందు కంప్యూటర్ ల్యాబు తాళం తీసి, నలభై కంప్యూటర్ల మీద దుమ్ము తుడిచి, పిల్లలొచ్చే వేళకు ఫ్యాన్లు వేసి కూర్చుంటుంది. ఆ కూర్చున్న గంటల్లోనే ఫోను తీసి 'ఆకాశవాడ' గ్రూపు చూస్తుంది. భర్త జయపాల్ అదే కాలేజీ బస్సు డ్రైవరు. ఆమె చదివి వినిపించే మెసేజీలు వినీ వినీ, ఎన్నడూ చూడని ఆ సీరియల్ గురించి అతనికి కూడా సగం తెలిసిపోయింది.

ఆకాశవాడ పాత సీరియల్. సుసన్న ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో పదమూడు వారాలు వచ్చింది. భూమి పాడైపోతే మూడు వందల మంది ఒక పెద్ద నౌకలో బయలుదేరతారు. అందులోనే పుట్టి పెరిగిన చంద్రిక అనే పిల్ల రేడియో దగ్గర పనిచేస్తుంది. ప్రతి వారం ఆ రేడియోలో ఎవరో మగమనిషి గొంతు వినిపిస్తుంది: "దారి ఇటే." ఆ గొంతు ఎవరిది? అదే కథ. నౌక గోడలు అట్టముక్కలని, మీటలు పాత రేడియోల నుంచి పీకినవని ఇప్పుడు చూస్తే తెలిసిపోతుందేమో. అప్పుడు మాత్రం సుసన్న ఆదివారం ప్రార్థన ముగియకముందే చర్చి వెనక గుమ్మంలోంచి జారుకొని పరుగెత్తేది.

పరుగెత్తేది సమీరా ఇంటికే. సమీరా తండ్రి ఇసాక్ మియాకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. ఆ వీధిలో మొదటి టీవీ వాళ్లదే. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకునే స్నేహితులే. కానీ టీవీ ముందు మాత్రం సమీరా లోపల తండ్రి పక్కన, సుసన్న గడప దగ్గర. పొమ్మని ఎవరూ అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. సీరియల్ మధ్యలో సమీరా లేచి నీళ్లు తాగి వచ్చేది, తమ్ముడితో కొట్లాడేది, కిటికీలోంచి బయటికి చూసేది. అంత దగ్గర కూర్చొని కూడా చూడకపోవడం సుసన్నకు భరించరానిదిగా ఉండేది. తానైతే రెప్ప వేసేది కాదు. సోమవారం బడిలో కథంతా మళ్లీ సమీరాకే చెప్పాల్సి వచ్చేది.

ఇదంతా గడిచి ముప్పై నాలుగేళ్లు. ఇప్పుడు గ్రూపులో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. నల్లగొండలో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన, బీదర్ నుంచి ఒక డాక్టరమ్మ, ఎక్కడెక్కడివాళ్లో. ఆ సీరియల్ టేపులు దొరికాయని, శుభ్రం చేసి డిస్కుల పెట్టెగా తెస్తామని ఒక కంపెనీ చెప్పినప్పటి నుంచి అందరిదీ ఒకటే ఎదురుచూపు. ఉగాదికన్నారు, కాలేదు. దసరాకన్నారు, చివరి భాగం టేపుకు బూజు పట్టిందని ఆపారు. ఈ రోజుల్లో డిస్కులెవరు కొంటారని జయపాల్ అడిగితే, "మేం కొంటం" అన్నది సుసన్న. ఆ 'మేం' అనడంలో ఆమెకు ఎంతో గొప్పగా ఉండేది. ఏ భాగంలో ఏం జరిగిందో గ్రూపులో ఎవరికి అనుమానం వచ్చినా చివరికి "సుసన్నమ్మను అడగండి" అనేవాళ్లు.

సమీరాను గ్రూపులో చేర్చింది సుసన్నే. పెళ్లయ్యాక సమీరా జల్‌పల్లిలో ఉంటోంది. నాలుగేళ్ల క్రితం భర్త చనిపోయాడు. ఇంట్లోనే మిషన్ కుడుతుంది. కూతురు ఇఫ్ఫత్‌కు కొంగరకలాన్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. "నువ్వు చూసినవు గదా చిన్నప్పుడు, ఉండు నువ్వు కూడ" అని చేర్చింది గానీ, తన పెద్దరికం సమీరా చూడాలన్నదే అసలు కోరిక. సమీరా ఆ పెద్దరికాన్ని చూడనేలేదు. మెసేజీలు చదివేది కాదు, పండగలకు పువ్వుల బొమ్మలు పెట్టేది, అంతే.

డిస్కుల పెట్టెలో చిన్న పుస్తకం కూడా ఉంటుందని, అభిమానుల జ్ఞాపకాలు పంపమని కంపెనీ వాళ్లు అడిగారు. సుసన్న నాలుగు పేజీలు రాసింది. మూడుసార్లు తిరగరాసి, ల్యాబులో స్కాన్ చేసి పంపింది. వారం గడిచింది, జవాబు లేదు. ఆ తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం సమీరా నుంచి ఫోనుకు ఒక పేజీ వచ్చింది. కింద రాసి ఉంది: "పుస్తకంల నాది తీసుకున్నరంటనే. ఎవ్వరికి చూపియ్యలే, ముందు నీకే."

పేజీ పైన ఒక ఫోటో. టీవీ పక్కన పండగ గౌనులో సమీరా. ఫోటో అంచున, గడప అవతల, రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. అవి ఎవరివో సుసన్నకు చెప్పనక్కర్లేదు.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. నాలుగు పేజీలు రాసిన మనిషి పాదాలే పుస్తకంలోకి వెళ్తున్నాయి. కింది రాత చదవడం మొదలుపెట్టింది. 'చివరి భాగం నాకు నిన్న చూసినట్టే ఉంది' అని రాసింది సమీరా. నౌక దిగుతుంది, చంద్రిక బయటికొస్తుంది, దూరంగా పొగ కనిపిస్తుంది. వెళ్లి చూస్తే ఆమె తండ్రి. ఎప్పుడో చిన్న నౌకలో ముందుగా బయలుదేరి, తప్పిపోయాడనుకున్న తండ్రి. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం దించుతూ, "ఇంత ఆలస్యమేందమ్మా, అన్నం చల్లారిపోతుంది" అంటాడు. రేడియోలో గొంతు ఆయనదే.

అంతవరకు చదివి సుసన్న ఫోను బోర్లా పెట్టింది. నవ్వు వచ్చింది, అది మంచి నవ్వు కాదు. ఎందుకంటే ఆకాశవాడ కథ అలా ముగియదు. అది సుసన్న కల్పించింది.

ఆ చివరి ఆదివారం ఇసాక్ మియా వాళ్లు జల్‌పల్లిలో పెళ్లికి వెళ్లారు. ఇంట్లో సమీరా నాయనమ్మ ఖాదర్ బీ ఒక్కతే ఉంది. ఆమె సుసన్నను మొదటిసారి లోపలికి పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. నౌక గ్రహం దగ్గరకు వచ్చింది, చంద్రిక రేడియో చెవికి పెట్టుకుంది, కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి టీవీలో పంటల కార్యక్రమం.

మర్నాడు బడిలో సమీరా పెళ్లి బిర్యానీ గురించి, జరీ గౌను గురించి, కారులో వచ్చిన పెళ్లికొడుకు గురించి ఆపకుండా చెప్పింది. చెప్పి చెప్పి, చివరికి అడిగింది: "ఆకాశవాడ ఏమైంది?" సుసన్న దగ్గర ఆ ఒక్కటే ఉంది. అందులోనూ సగమే ఉంది. అది ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆ వారం తల్లికి జ్వరం వస్తే ఇంట్లో తండ్రే అన్నం వండాడు. ఆ పొయ్యిని తీసుకెళ్లి పరాయి గ్రహం మీద పెట్టేసింది. సమీరా కళ్లు నీళ్లతో నిండాయి. "నేను చూడకపోతిని" అన్నది. సుసన్న జీవితంలో అంత తీయని మాట మళ్లీ వినలేదు.

నిజమైన ముగింపు ఆమెకు రెండేళ్ల క్రితమే పోస్టుమాస్టరు గారి మెసేజీలో తెలిసింది. ఆ గ్రహం మీద ఎవరూ లేరు. పూర్వం ఎప్పుడో ఆ నౌకలోనే ఒకాయన పంపిన కబురు, అక్కడి కొండకు తగిలి ఇన్నేళ్లకు తిరిగి వస్తోంది. సమీరా ఆ మెసేజీ నాటికి గ్రూపులో లేదు. కంపెనీలో ఆ పుస్తకం తయారుచేస్తున్న అమ్మాయి వయసులో చిన్నది, చివరి భాగం ఇంకా శుభ్రం అవుతోంది గనుక తానూ చూడలేదు.

నాలుగు రోజులు సుసన్న చాలా సంతోషంగా ఉంది. కంప్యూటర్లు తుడుస్తూ పాటలు పాడుకుంది. పెట్టె విడుదలవుతుంది, రెండు వందల పన్నెండు మంది చూస్తారు, పుస్తకం తెరుస్తారు. "అమ్మా, తమరు చూసింది ఏ సీరియల్?" అని పోస్టుమాస్టరు గారు మర్యాదగా అడుగుతారు. సమీరా ఏమంటుంది? ఆ రోజు కోసం సుసన్న డిస్కుల కంటే ఎక్కువగా ఎదురుచూసింది. జయపాల్ కూడా గమనించి, "ఏంది, డిస్కులొచ్చినయా" అని అడిగాడు.

శుక్రవారం ఆ పేజీని మళ్లీ తీసింది, ఇంకొంచెం ఆనందిద్దామని. ఈసారి చివరి దాకా చదివింది. కింద రెండు వాక్యాలున్నాయి. 'మా ఆయన పోయినప్పుడు మా బిడ్డ అన్నం ముట్టలేదు. ఈ కథ చెప్పి తినిపించాను.'

జాలి పడిందని చెప్తే అది అబద్ధం. మొదట కలిగింది అసూయే, ఇంతవరకూ ఎరగని రకం. తన తండ్రి పొయ్యి, తను పన్నెండేళ్ల వయసులో నోటికొచ్చినట్టు చెప్పిన మాటలు, సమీరా ఇంట్లో ఇంత పని చేశాయి. తన కూతురు స్తుతికి తానెప్పుడూ ఆ కథ చెప్పలేదు. అబద్ధం కదా అని దాచిపెట్టుకుంది. దాచిన వస్తువును అవతలివాళ్లు తీసి వాడుకుంటే ఉండేంత మంట. ఆ తర్వాత, ఆలస్యంగా, ఇఫ్ఫత్ గుర్తొచ్చింది. ఆ పిల్ల కూడా డిస్కు చూస్తుంది కదా.

ఆదివారం చర్చి నుంచి నేరుగా బయలుదేరి, రెండు బస్సులు మారి జల్‌పల్లి చేరింది. సమీరా మిషన్ ముందు ఉంది. బుర్ఖా చేతికి లేసు కుడుతోంది. ఇఫ్ఫత్ డ్యూటీకి వెళ్లింది.

"ఏందే, ఫోన్ గూడ చెయ్యకుంట వచ్చినవ్?" అన్నది సమీరా. "చాయ్ పెడ్త ఉండు."

"చాయ్ వద్దు. ఆ రోజు కరెంటు పోయింది సమీరా."

"ఏ రోజు?"

"మీరు పెండ్లికి పోయిన రోజు. ఆఖరిది నేను చూడలే. నీకు చెప్పింది నేను కల్పించిన."

మిషన్ ఆగింది. సమీరా లేసు వైపే చూస్తూ కూర్చుంది. సుసన్న పోస్టుమాస్టరు గారు రాసిన ముగింపు చెప్పింది. రేపోమాపో పుస్తకం అచ్చుకు వెళ్తుందనీ చెప్పింది.

"అక్కడ ఎవ్వరు లేరా?" అన్నది సమీరా.

"లేరు."

"మరి ఎందుకు చెప్పినవ్ గట్ల?"

"నువ్వు బిర్యానీ అన్నవ్, కారు అన్నవ్, జరీ గౌను అన్నవ్. నా దగ్గర గదొక్కటే ఉండె."

"చిన్నప్పుడు చెప్పినవ్ సరే. ముప్పై నాలుగేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పొద్దా?"

"చెప్తే నేను గూడ చూడలే అని తెలుస్తది గదా. గంతే. వేరే ఏం లేదు."

సమీరా లేచి లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో చాయ్ లేదు, ఫోను ఉంది. "సోమవారం నాడే చదివినవ్ గదా నువ్వు," అన్నది. "ఇయ్యాల ఆదివారం. నడుమ ఇన్ని దినాలు ఏం జేసినవ్?"

సుసన్న కింద పడిన లేసు ముక్క ఏరి మిషన్ మీద పెట్టింది. సమీరాకు జవాబు అర్థమైంది. వాళ్ల స్నేహంలో ఆ ఒక్క నిమిషం అన్నిటికంటే చెడ్డది.

సమీరా పుస్తకం తయారుచేసే అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. తాను రాసింది అసలు ముగింపు కాదని చెప్పింది. అమ్మాయి కంగారుపడింది. అయితే ఆ భాగం తీసేద్దామా, మంగళవారం దాకా సమయం ఉంది అన్నది.

"తియ్యొద్దమ్మా," అన్నది సమీరా. "నా దోస్తు చెప్పింది అని రాయి. కరెంటు పోతే ఆమెనే కల్పించి చెప్పింది, నేను నమ్మిన అని రాయి." ఫోను మీద చెయ్యి పెట్టి సుసన్న వైపు చూసింది. "పేరు చెప్పాల్నా? అబద్ధం చెప్పినామె అని పడ్తది మరి."

"చెప్పు," అన్నది సుసన్న.

డిస్కుల పెట్టె చెప్పిన తేదీకంటే ఆరు వారాలు ఆలస్యంగా వచ్చింది. పుస్తకంలో సమీరా పేజీ అందరికీ నచ్చింది. గ్రూపులో మూడు రోజులు దాని గురించే. డాక్టరమ్మ ఏడ్చానని రాసింది. పోస్టుమాస్టరు గారు, "ఇంత నిజాయితీగా ఒప్పుకున్న సమీరా గారికి నమస్కారం" అని పెట్టారు. ఒప్పుకున్నదెవరు, నమస్కారమెవరికి అని సుసన్న ఆ మెసేజీని పదిసార్లు చదివింది. కింద తాను కూడా నమస్కారం బొమ్మ పెట్టింది.

ఇద్దరి ఇళ్లలోనూ డిస్కు ఆడించే సాధనం లేదు. ల్యాబులో మూలన ఉన్న పాత కంప్యూటరుకు డిస్కు పెట్టే అర ఉంది. ప్రిన్సిపాల్‌ను అడిగి, సెలవు రోజు తాళం తీసింది. నెలన్నరగా మాట్లాడని సమీరాకు రమ్మని మెసేజీ పెట్టి, వస్తుందో రాదో అనుకుంది. వచ్చింది, ఇఫ్ఫత్‌ను వెంటబెట్టుకొని. ముగ్గురూ మూడు స్టూళ్లు జరుపుకొని, కరెక్టుగా తెర ముందే కూర్చొని చివరి భాగం చూశారు. గ్రహం మీద గాలి తప్ప ఏమీ లేదు. చంద్రిక రేడియో కట్టేసి, ఆ గొంతు చెప్పిన దారిలోనే నడవడం మొదలుపెట్టింది. పేర్లు పడ్డాయి.

"ఖాలా," అన్నది ఇఫ్ఫత్. చిన్నప్పటి నుంచి సుసన్నను ఆ పిల్ల అలాగే, తల్లి చెల్లెల్ని పిలిచినట్టు పిలుస్తుంది. "మీ కథనే మంచిగుండె."

సుసన్న ముఖం వెలిగింది. ఏదో అనబోయింది.

"ఇది గూడ మంచిగనే ఉన్నది బేటా," అన్నది సమీరా, కూతురి వీపు నిమురుతూ. "ఇది వాళ్లది. అది మనది."

మనది. సుసన్న ఆ మాట దగ్గర ఆగిపోయింది. కాదే, నాది అనాలనిపించింది. మా బాపు పొయ్యి అది, మా ఇంటి అన్నం అది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లీకూతుళ్లు అప్పటికే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మొదటి భాగం పెడ్దునా?" అని మాత్రం అడిగింది.

"పెట్టు," అన్నది సమీరా, వెనక్కి తిరగకుండానే. "ఈసారి నేనే మొత్తం చూస్త. నువ్వేం చెప్పకు."