చావు మాటలతో చెప్పిన ఇంగ్లీషు

యాదగిరి సారును మెచ్చుకునేవాళ్లు మిర్యాలగూడలో ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం మెచ్చుకోను. పదో తరగతి తప్పినవాళ్లకు ఆయన ట్యుటోరియల్‌లో ఆయన ఇంగ్లీషు, నేను లెక్కలు చెప్పేవాళ్లం. గదుల మధ్య రేకు గోడే అడ్డం. ఆయన నోటి దురుసంతా నా చెవిన పడేది.

గరిడేపల్లిలో పుట్టి, సూర్యాపేటలో డిగ్రీ చేసి, సర్కారు నౌకరీ దొరక్క ట్యుటోరియల్ పెట్టాడు. ఆ కడుపుమంట పిల్లల మీద తీర్చుకునేవాడు. 'ఇది జరిగితే అది అవుతుంది' అనే వాక్యాలు చెప్పే రోజు ఆయనకు పండగే. వాన పడితే, బస్సు వస్తే అని చెప్పొచ్చు కదా! ఊహూ. నీ ఇల్లు కాలితే, నీ తల్లి పోతే. భయపడితేనే బుర్రకెక్కుతుందట.

ఎనభై ఎనిమిదిలో త్రిపురారం దగ్గరి తండా నుంచి లక్ష్మీబాయి వచ్చింది. ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. అది గట్టెక్కితే నర్సు ట్రైనింగు, లేకపోతే నాట్ల కూలి. తండ్రి సేవ్యా అప్పటికి దవాఖానలో ఉన్నాడు. ఆ సంగతి సారుకూ తెలుసు.

"మీ నాయన చస్తే ఏంజేస్తవ్? ఇంగ్లీషుల చెప్పు," అన్నాడు.

పిల్ల నోరు విప్పలేదు. మనిషి మంచంలో ఉండగా చావుమాట ఎత్తితే నిజమవుతుందని తండాలోనూ భయమే, ఊళ్లోనూ భయమే. ఆయనకది మొద్దుతనంగా కనబడింది.

"తండోళ్లకు ఇంగ్లీషెందుకే? చెప్తె కూసో. లేకుంటే రేపటి సంది రాకు."

అతని నాలుక కోయాలనిపించింది నాకు.

"ఇఫ్ యూ డై, ఐ విల్ నాట్ క్రై," అంది లక్ష్మీబాయి. నువ్వు చస్తే నేనేడ్వనని.

కుర్చీ పడ్డ చప్పుడైంది. "గదేం మాటే! తథాస్తు దేవతలుంటరు! పిల్లలున్నోన్ని!"

"మా నాయనకు గూడ పిల్లలున్నరు, సారూ."

ఆ పూటే ఆమెను వెళ్లగొట్టాడు. దవాఖానలో తండ్రి మంచం పక్కన కూర్చుని చదివి, ఇంగ్లీషు గట్టెక్కింది. సిగ్గులేని మనిషి, ఫలితాలు రాగానే ట్యుటోరియల్ గోడ మీద పాసైనవాళ్లలో ఆమె పేరే మొదట రాయించాడు.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీబాయి పేడ బకెట్‌తో వచ్చింది. నేను వెళ్లేసరికి ఆ పేరు మీద అలుకుతోంది. సారు ఉరికొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"జరుగుండ్రి సారూ," అంది. "నా పేరు మీ గోడ మీదొద్దు."

సారు జరిగాడు. ఆమె మిగిలిన పేడంతా మెత్తి, బస్సుకు పోయింది.