మార్జిన్ మేడమ్ సంతకం

మా అక్క అసలు పేరు కోర్టు గేటు దగ్గర ఎవరికీ తెలియదు. ప్లీడర్లకీ, గుమాస్తాలకీ, ఎదురు టీకొట్టు ఆయనకీ కూడా ఆవిడ మార్జిన్ మేడమ్. కాగితానికి ఎడమపక్క మూడు వేళ్ళ జాగా వదలకపోతే ఆవిడకి ముద్ద దిగదు. "ఫైల్లో కుడితే అక్షరాలు లోపలికి పోతాయి. రేపు జడ్జిగారు ఏం చదువుతారు, నా మొహమా?" అని పెద్ద పెద్ద ప్లీడర్ల మీద కూడా లేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ రేకుల వరండాలో ఒకటే బల్ల. ముందు టైపు మిషను ఉండేది, తరవాత కంప్యూటరు వచ్చింది. బల్ల వెనక ఇరుకు గదిలో నా జిరాక్సు మిషను. ఆవిడ కొట్టింది నేను కాపీలు తీస్తాను.

అక్క పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. కాగితం తయారయ్యాక పార్టీ, అంటే కేసు తాలూకు మనిషి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేస్తుంది. "ఇక్కడ పెట్టండమ్మా. చదివి పెట్టండి," అంటుంది. వాళ్ళు పెట్టాక రబ్బరుతో ఆ గుర్తు చెరిపేస్తుంది. ఇన్నేళ్ళలో ఆవిడ కొట్టిన కాగితాలు బళ్ళకెత్తొచ్చు. వాటిలో ఒక్కదాని మీద కూడా ఆవిడ సంతకం లేదు.

కిందటేడు ఒక పెద్దావిడ అలాగే పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఇందులో ఏముందమ్మా?" అని అడిగింది. కరెంటు మీటరు పేరు మార్చడానికని ఆవిడకి చెప్పి తీసుకొచ్చారట. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది: ఇంట్లో మీ వాటా మీ తమ్ముడికి వదులుకుంటున్నారని ఉందండీ. పెద్దావిడ పెన్ను కిందపెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో ఆ కాగితం రాయించిన ప్లీడరుగారు ఊడిపడ్డాడు. వరండాలో పదిమంది ముందూ, "చెప్పడం నీ పని కాదు. కొట్టడం నీ పని," అన్నాడు. నాకైతే ఆయన్ని జిరాక్సు మిషను మూత కింద పెట్టి నొక్కాలనిపించింది. అక్క తరవాతి కాగితం ముందుకి లాక్కుంది. ఆ వారమంతా కీబోర్డు మీద ఆవిడ వేళ్ళు పడుతుంటే బల్ల మీద గ్లాసులు కదిలేవి.

శుక్రవారం నాడు ఒక ప్రకటన తెచ్చి నా ముందు పెట్టింది. లా కాలేజీ ప్రవేశ పరీక్ష. డిగ్రీ ఉన్నవాళ్ళకి మూడేళ్ళ కోర్సు, సాయంత్రం క్లాసులు.

"నలభై రెండేళ్ళకా?" అన్నాను.

"నలభై రెండేళ్ళకి చెవులు వినపడవా ఏంటే?"

"వచ్చే ఏడాది రాయకూడదూ, తీరిగ్గా?"

కింద ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. సాయంత్రం క్లాసులకి ఇదే ఆఖరి బ్యాచి అని ఉంది. పగటి క్లాసులకి వెళ్తే బల్ల మూసెయ్యాలి. బల్ల మూస్తే ఇద్దరు పిల్లల చదువు బావ ఒక్క జీతం మీద నడవదు. అంటే ఈసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే మార్జిన్ మేడమ్ జన్మంతా మార్జిన్ మేడమే.

ఇక మొదలైంది. కుదురుగా కూర్చుని చదవడం అక్క జాతకంలోనే లేదు. పుస్తకం పట్టుకుని పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి పొయ్యి దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేది. బావ లిఫ్టులు బాగుచేస్తాడు. "నేను పైకీ కిందకీ తిరిగి వస్తే ఇంట్లో మీ అక్క అడ్డంగా తిరుగుతోంది," అని నాతో మొరపెట్టుకున్నాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే చదివేది. వరండాలో దావా కాగితం కొడుతూ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకునేది. ఒకసారి ఎవరిదో అద్దె కేసులో ఏదో దేశం రాజధాని పేరు కూడా పడింది. పంతొమ్మిదేళ్ళలో అదే ఆవిడ మొదటి తప్పు. దానికి రెండు రోజులు మనశ్శాంతి లేదు, ఆవిడకీ నాకూ.

నమూనా పరీక్ష మధ్యాహ్నం వేళ నా గదిలో రాయించాను. నూట ఇరవై ప్రశ్నలు, గంటన్నర. టైమయ్యేసరికి అరవై నాలుగో ప్రశ్న దగ్గర ఉంది. ఇదేం చోద్యమని కాగితం లాక్కుని చూస్తే నిండా ఎర్ర సిరా. ప్రశ్నలకి జవాబులు పెట్టకుండా ప్రశ్నల్ని దిద్దుకుంటూ కూర్చుంది మహాతల్లి.

"ఇక్కడ ప్రశ్నార్థకం ఏదే? ఇక్కడ చూడు, ఒకే మాట రెండుసార్లు పడింది."

"అక్కా, నిన్ను జవాబు పెట్టమన్నారు. దిద్దమని ఎవరూ అడగలేదు."

"తప్పు కళ్ళకి కనపడుతుంటే ఎలా వదిలేస్తాం?"

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పక్కన స్కేలు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ఎర్ర పెన్ను వైపు వెళ్తే ఒక్కటి వేసేదాన్ని. చెల్లెలిగా పుట్టినందుకు నాకు దొరికిన సుఖం అదొక్కటే. చట్టం ప్రశ్నల్లో ఇంకో చిక్కు. సమన్లు అందకపోతే ఏం చెయ్యాలని అడిగితే, బంట్రోతుని బతిమాలాలి అని పెట్టింది. నిజమే, అదే చేస్తారు. మార్కు మాత్రం పోయింది.

ఇప్పుడు నా పాపం చెప్పాలి. దరఖాస్తు ఆఖరి రోజున అక్క ఏదో అర్జెంటు స్టే పిటిషన్ మీద ఉంది. "నువ్వు నింపవే, నీకు తెలియనివి ఏమున్నాయి?" అంది. అన్నీ నింపాను. ఆఖర్న, తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఫోటో తీసి ఎక్కించమని వెబ్‌సైటు అడిగింది. కేకేశాను. ఒక్క నిమిషం అంది. పావుగంటైంది. ఇంకోసారి కేకేశాను. ఒక్క నిమిషమే అంది. వెబ్‌సైటు ఆగుతోంది, నడుస్తోంది, మళ్ళీ ఆగుతోంది. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టేసిన చెయ్యి ఇది. అక్క పేరు నేనే గీకి, కింద ఓ తోక లాగి ఎక్కించేశాను. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. హాల్‌టికెట్ మీద ఫోటో ఒక్కటే వచ్చింది. బతికిపోయాను అనుకున్నాను.

పరీక్ష హాలు గుమ్మంలో బొటనవేలి ముద్ర తీసుకుని లోపలికి పంపారు. నూట పదిహేడు ప్రశ్నలకి జవాబులు పెట్టానంటూ బయటికొచ్చింది. పరీక్ష కంప్యూటరుకి మౌసు తప్ప కీబోర్డు లేకపోవడంతో మిగతా వేళ్ళు బల్ల మీద టకటకా కొట్టుకుంటూ ఉన్నాయట, రెండుసార్లు మందలించారట. తరవాత ర్యాంకు వచ్చింది, మరీ తీసిపారేసేది కాదు, గొప్పదీ కాదు. మొదటి జాబితాలో పేరు లేదు. రెండో దాంట్లోనూ లేదు. జాబితా సాయంత్రం వస్తుందని రాసి ఉన్నా పొద్దున్నుంచే ఫోను చూసేది, చూసి బోర్లించేది, మళ్ళీ తిప్పేది. మూడోది, ఆఖరిది. అందులో వచ్చింది. సోమవారం నాలుగు గంటల్లోపు అసలు సర్టిఫికెట్లూ, కాలేజీ నియమాలు పాటిస్తానని హామీ పత్రమూ ఇచ్చి చేరాలి. లేకపోతే సీటు తరవాతి వాళ్ళకి పోతుంది.

సోమవారం మూడు గంటలకి కాలేజీ ఆఫీసులో ఉన్నాం. చెక్క కౌంటరు, దాని వెనక గుమాస్తా, ఆయన తల మీద గోడ గడియారం. బెంచీ మీద ఒక అమ్మాయి ఫైలు గుండెలకి హత్తుకుని కూర్చుంది. అక్క చేరకపోతే సీటు తనదే. పాపం మా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

గుమాస్తా సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తిరగేసి, అక్క కొట్టి తెచ్చిన హామీ పత్రం దగ్గర ఆగాడు.

"సంతకం లేదేంటండీ? ఈ ఇంటూ గుర్తేంటి? ఇక్కడ పెట్టాల్సినవాళ్ళు రాలేదా?"

అక్క వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. నిజంగా చూసింది, పార్టీ ఇంకా రాలేదేమిటన్నట్టు. నేను మోచేత్తో పొడిచాను. "నువ్వే కదక్కా పార్టీవి!" అప్పుడు ఆవిడకి స్పృహ వచ్చి, చెవులదాకా ఎర్రబడి, పెన్ను తీసింది.

గుమాస్తా మంచివాడు. ఆయన మంచితనమే మా కొంప ముంచింది. "దరఖాస్తులో పెట్టినట్టే ఉండాలి మేడమ్, చాలామందికి తేడా వస్తోంది. చూసి పెట్టండి," అంటూ కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు.

తెర మీద అక్క పేరు. కింద నా తోక.

అక్క దాన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. ఆ తోక ఏ చేతిదో చెప్పాల్సిన పనిలేదు, ప్రోగ్రెస్ కార్డుల రోజులనుంచీ ఎరుగుదు. చెవి దగ్గర, "పెట్టెయ్యక్కా, తోక లాగితే చాలు," అన్నాను. గడియారంలో మూడూ పది.

పెన్ను కాగితానికి వేలెడు ఎత్తులో ఆగింది. ఎన్నివేల సంతకాలు చూసిన మనిషి! కళ్ళు మూసుకుని దింపెయ్యగలదు. పెన్ను కిందపెట్టింది.

"ఆ సంతకం నాది కాదండీ."

బెంచీ మీద అమ్మాయి తలెత్తింది.

లోపలి గదిలో అడ్మిషన్ల ఆఫీసరు ఉన్నారు. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మాట్లాడే మేడమ్. "దరఖాస్తులో ఒకరి సంతకం ఇంకొకరు పెడితే సీటు రద్దు చెయ్యొచ్చు, తెలుసా మీకు?" అన్నారు.

"తెలుసండీ. సూచనల్లో పదకొండో పేరా," అంది అక్క.

"తెలిసే చెప్పారా?"

"ఇప్పటిదాకా ఆ అబద్ధం మా చెల్లెలిదండీ. ఈ కాగితం మీద కూడా అలాగే పెడితే నాది అవుతుంది."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. తప్పు నాదేనండీ, ఆవిడకి తెలియదండీ అంటూ ఏదేదో వాగాను. ఆఫీసరు మేడమ్ నన్ను పట్టించుకోకుండా అక్క బొటనవేలి ముద్ర తీయించి పరీక్షనాటి దానితో పోల్చారు. ఒకటే. "పరీక్ష రాసింది మీరే, ఒప్పుకుంటాను. జరిగింది రాసివ్వండి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. చదివాక చెబుతాను. నాలుగు దాటితే మాత్రం నా చేతుల్లో లేదు."

గుమాస్తా వివరణ కొట్టడానికి కూర్చున్నాడు. ఒక్కో అక్షరాన్ని వెతికి వెతికి పొడుస్తున్నాడు. మూడున్నర అయింది. అక్క పక్కన నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతోంది. ఆఖరికి, "నేను కొట్టనా అండీ?" అంది. ఆయన లేచాడు. తరవాత ఆ గదిలో వాన పడినట్టు చప్పుడు. గుమాస్తా నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. ఏడు నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది, ఎడమపక్క మూడు వేళ్ళ జాగాతో సహా. నా చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసి, "ఇక్కడ పెట్టు. చదివి పెట్టు," అంది.

నేను చదవడానికి పెట్టుకునే కళ్ళజోడు జిరాక్సు మిషను మీద ఉండిపోయింది. పైగా కళ్ళ నిండా నీళ్ళు. "ఇందులో ఏముందక్కా?" అన్నాను.

అన్నాక నాకే ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. అక్క గడియారం వైపు చూడలేదు. ఒక్కో వరస మీద వేలు పెట్టి, మామూలు మాటల్లో చెప్పింది. "సదరు చెల్లెలు అంటే నువ్వు. తొందరలో నా సంతకం నువ్వు పెట్టావని ఉంది. అది తప్పని ఉంది. నాకు ఇవాళే తెలిసిందని ఉంది. నీ మీద ఏ చర్యా తీసుకోవద్దని అడిగాను. నా సీటు విషయంలో వాళ్ళు ఏం చెప్పినా ఒప్పుకుంటానని రాశాను. ఇష్టమైతేనే పెట్టు."

చెప్పడం నీ పని కాదు అనేవాడు అక్కడ ఎవడూ లేడు. నా పేరు పెట్టాను, తోక లేకుండా.

అప్పుడు అక్క కాగితం ముందు పెట్టుకుని ఊరికే నిలబడింది. కింద ఆవిడ చోటు ఖాళీగా ఉంది. ఆవిడ చేతిలోని పెన్సిలు నేను తీసుకుని, ఆ ఖాళీలో ఇంటూ గుర్తు వేశాను. "ఇక్కడ పెట్టండమ్మా. చదివి పెట్టండి," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పై వరస నుంచి కింది దాకా మొత్తం చదివింది, వేరెవరో కొట్టిచ్చినట్టు. తరవాత బడిపిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పూర్తి పేరు రాసింది.

ఆఫీసరు మేడమ్ నిదానంగా చదివారు. నాలుగింటికి ఆరు నిమిషాలు, అయిదు నిమిషాలు. బెంచీ మీది అమ్మాయి లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఎడమపక్క ఇంత జాగా ఎందుకు వదిలారు?"

"ఫైల్లో కుడితే అక్షరాలు లోపలికి పోతాయండీ."

ఆవిడ తల ఊపి, పెన్ను మూత తీసి, ఆ జాగాలోనే నిలువుగా రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు. అక్క మెడ పక్కకి వంచి చదివింది. "వివరణ అంగీకరించడమైనది. చేర్చుకోవలెను." గుమ్మం దగ్గర అమ్మాయి ఫైలు సర్దుకుని మెల్లిగా వెళ్ళిపోయింది. అక్క అటే చూస్తుండిపోయింది.

"ఇక దీని మీద కూడా పెట్టండి మేడమ్," అంటూ గుమాస్తా హామీ పత్రం జరిపాడు. అక్క ఈసారి ఆగకుండా పెట్టింది. పెట్టి, ఇంటూ గుర్తు చెరపడానికి సంచీలో చెయ్యి పెట్టి గబగబా వెతికింది. రబ్బరు వరండాలో బల్ల మీదే మర్చిపోయి వచ్చింది. గుమాస్తా కాగితం లాక్కుని ఆ గుర్తుతోనే ఫైల్లో కుట్టేశాడు.