బోనాలకు తోమిన రాగి బిందె

2024 జూలై 16, మంగళవారం, ఉదయం 10:40. సికింద్రాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో దేవిక సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తింది. ఐదు రోజుల జీబ్రా చేపపిల్లల పక్కల వెంట ఆకుపచ్చ చుక్కలు మెరవవలసిన చోట చీకటి తప్ప ఏమీ లేదు.

ఈ చేపల్లో తల వెనుక పుట్టిన ఒక కణసమూహం, కీమోకైన్ అనే రసాయన సంకేతం చూపిన దారిలో తోక దాకా సాగుతుంది. నీటి కదలికను పసిగట్టే చిన్న గుంపులను దారి పొడవునా వదులుతూ పోతుంది. రంగు పడితే చుక్కలుగా మెరిసేవి అవే. సంకేతం మందగించిన చేపల్లో ఆ ప్రయాణం ఎంత దూరం సాగుతుందో కొలవడం దేవిక పరిశోధన. అటువంటి తల్లిచేపలు ముసలివైపోయాయి. ఇది వాటి చివరి కాన్పు. అయితే సంకేతం సవ్యంగా ఉన్న పిల్లల్లోనూ చుక్కలు లేవు. రంగులో తేడా లేదు. లోపం నీటిలో ఉండాలి.

చేపల గదిని చాలా ఏళ్లుగా చూసుకుంటున్న పుష్పమ్మది లాలాగూడ. చనిపోయిన ఆమె భర్త పేరు బ్రహ్మచారి; రాగి పాత్రలు చేసే కంచరి ఇంట పుట్టి రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు. పెళ్లయిన ఏడు అతడు కొట్టి ఇచ్చిన రాగి బిందెలోని నీళ్లే ఆమె ఇప్పటికీ తాగుతుంది.

"పుష్పమ్మా, పిల్లలకు ఏ నీళ్లు పోశారు?"

"కుళాయివే మేడం. బుధవారం ఫిల్టర్ మోటర్ కాలిపాయె గద. క్లోరిన్ పోవాలని దినమంతా నిలవబెట్టిన."

"డ్రమ్ములోనేనా?"

"గా ప్లాస్టిక్ కంపుకు చేప సుత మూతి తిప్పుకుంటది! బోనాలకని చింతపండేసి తోమిన మా ఇంటి బిందె తెచ్చిన. అద్దం లెక్క ఉంటది. ఏందీ, గట్ల చూస్తున్నరు?"

"రాగి బిందెనా?"

"మా ఆయన చేతిది. సన్న ప్రాణాలు, తక్లీఫ్ కావద్దని..."

దేవిక సూక్ష్మదర్శిని దీపం ఆర్పింది.

"ఆ నీళ్లు మనకు మంచివే. ఆ చుక్కల కణాలను మాత్రం రాగి చంపేస్తుంది. అవి ఎంత దూరం వచ్చి చచ్చాయో ఇక చెప్పలేం."

"మళ్ల గుడ్లు పెట్టియ్యరాదా, అమ్మా?"

"ఆ చేపలు మానేశాయి, పుష్పమ్మా."

పుష్పమ్మ బిందెను సింకులో వంచింది. నీళ్లు మెల్లగా పోయాయి. లోపలి అంచును కొంగుతో తుడిచి, దానిని గది బయట గోడవారగా బోర్లించింది. ఆ సాయంత్రం ఇంటికి వట్టి చేతులతో వెళ్లింది.

చేపపిల్లల నీటిలో రాగి ఎంతో మరునాడు తేలింది. లీటరుకు 0.19 మిల్లీగ్రాములు: మనిషికి హాని చేయనిది, ఆ కణాలను చంపడానికి చాలినది.